192 జీబీ, పదకొండు నిమిషాల చీకటి

డ్రోన్ సర్వే ఫొటోలు రెండున్నర వేలు ఒకేసారి అతికించమంటే నా కంప్యూటర్లోని 64 జీబీ ర్యామ్ వల్ల కావట్లేదు. రాత్రి పని పెట్టి పడుకోవడం, పొద్దున్నే లేచేసరికి మెమరీ చాల్లేదని స్క్రీన్ మీద ఒక డబ్బా. మూడోసారి కూడా అదే కనబడేసరికి హనుమకొండలో బస్సెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దిగాను.

ఉన్న ర్యామ్ స్టిక్కులు 32 జీబీవి రెండు, పక్కన ఇంకో రెండు గుచ్చేద్దామని నా లెక్క. షాపు కుర్రాడు ఒప్పుకోలేదు. "కలిపితే నడిస్తే నడుస్తయ్ అన్నా, లేకుంటే లేదు. నాలుగూ ఒక్క కిట్‌వే తీస్కో" అన్నాడు. 48 జీబీవి నాలుగు తీసుకున్నాను. ధర ఇక్కడ రాయను, ఈ పోస్టు మా ఆవిడ చదువుతుంది.

ముందు బయాస్, అంటే విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రామ్, అప్‌డేట్ చేశాను. 2022 చివర్లో నా మదర్‌బోర్డు కొన్నప్పుడు 48 జీబీ స్టిక్కులే దొరికేవి కావు, పాత బయాస్‌కి వాటి మొహం తెలీదు. తర్వాత చూస్తే సీపీయూ కూలర్ ఫ్యాన్ మొదటి స్లాట్‌ మీదికి వచ్చేసింది. దాన్ని వేలెడు పైకి జరిపి, ఒంట్లో స్టాటిక్ కరెంటు పోయేలా కేసు ఇనుము ఒకసారి ముట్టుకుని, రెండు బొటనవేళ్లతో నొక్కితే నాలుగూ టక్కుమని కూర్చున్నాయి.

స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నల్లగా ఉంది. బోర్డు మీద డీర్యామ్, అంటే ర్యామ్, అని రాసిన దగ్గర చిన్న నారింజ లైటు ఒక్కటే వెలుగుతోంది. అయిదు నిమిషాలైంది, ఏడైంది. అమ్మ తొంగిచూసి, "ఏం బిడ్డా, మంచిగున్న దాన్ని ఖరాబ్ జేసుకున్నవా?" అంది. నా డీడీఆర్5 రకం ర్యామ్ పెడితే బోర్డు మొదటిసారి స్టిక్కులతో టైమింగ్ సరిచూసుకుంటుందనీ, ర్యామ్ ఎక్కువైతే ఆలస్యం కూడా ఎక్కువనీ నాకు తెలుసు. తెలిసినా చెయ్యి స్విచ్ వైపే పోతోంది. పదకొండో నిమిషంలో తెర వెలిగింది.

బయాస్‌లో 192 ఉంది. విండోస్‌లో వాడుకోగలిగేది 128 అంటోంది! మిగతా 64 ఎటు పోయిందని మళ్లీ విప్పబోయి ఆగాను. నాది హోమ్ ఎడిషన్, దానికి 128 దాటి కనపడదు. ప్రో కొనక తప్పలేదు. ఇక సీ డ్రైవ్ చూస్తే ఎర్రగా నిండిపోయి ఉంది. కంప్యూటర్‌ని నిద్రపుచ్చేటప్పుడు ర్యామ్‌లోది దాచుకునే హైబర్నేషన్ ఫైలు ర్యామ్‌లో 40 శాతం, అంటే దాదాపు 77 జీబీ ఆక్రమించి కూర్చుంది. దాన్ని ఆపేశాను.

వేగం సంగతి వేరే. ర్యామ్ డబ్బా మీద వేగం 5200 అని ఉంది. నా ప్రాసెసర్ రైజెన్ 7000కి నాలుగు స్టిక్కులు పెడితే దాన్ని తయారుచేసే ఏఎండీ మాటిచ్చేది 3600కే. 5200 పెట్టి చూస్తే మళ్లీ నల్ల తెర. నాకు కావలసింది చోటు, పరుగు కాదు, 3600కే వదిలేశాను. ఆ రాత్రి అవే ఫొటోలు పెడితే టాస్క్ మేనేజర్ 141 జీబీ దాకా ఎక్కి దిగింది. పొద్దున్నకి మ్యాప్ తయారు.

మిగిలిన పాత స్టిక్కులు రెండూ తమ్ముడు అడుగుతున్నాడు. వాడిది పాత రకం డీడీఆర్4 బోర్డు, స్టిక్కు గాడి వేరేచోట ఉంటుందిరా అంటే వినడు. "నువ్వు ఇయ్యన్నా, ఎట్లన్న పడుతది" అంటాడు.