యాంటీబయాటిక్ ఏడు రోజులు, కడుపు కుదుటపడడానికి మూడు నెలలు

పన్ను నొప్పి తగ్గింది, కడుపు పాడైంది. పంటి కింద చీము పట్టిందని ఏడు రోజులకు యాంటీబయాటిక్ రాశారు, మూడో రోజుకే వాపు దిగిపోయింది, హమ్మయ్య అనుకున్నాను. ఐదో రోజు నుంచి విరేచనాలు. రోజుకు నాలుగైదు సార్లు, కోర్సు అయిపోయాక కూడా ఆగలేదు. ఇంకో వారానికి అవి తగ్గుముఖం పట్టాయి గానీ వాటి బదులు ఉబ్బరం వచ్చి కూర్చుంది. పొద్దున మామూలుగా ఉండే పొట్ట సాయంత్రానికల్లా డోలులా బిగుసుకుపోయేది, ఏం తిన్నా పది నిమిషాల్లో గుడగుడ. మీటింగుల్లో ఆ చప్పుడు పక్కవాళ్లకు వినిపిస్తుందేమోనని కుర్చీ కాస్త దూరంగా జరుపుకునేదాన్ని.

విరేచనాలు మొదలైన మర్నాడే నేనొక తెలివైన పని చేశాను. ఎవరినీ అడక్కుండా మందుల షాపులో ప్రోబయాటిక్ కావాలని చెప్పి, ఉన్నవాటిలో అంకె ఎక్కువున్న డబ్బా ఎంచుకుని తెచ్చుకున్నాను. 5,000 కోట్ల సీఎఫ్‌యూ అని ఉంది. సీఎఫ్‌యూ అంటే అందులో బతికి ఉండి పెరగగల సూక్ష్మజీవుల లెక్క అని అప్పటికి తెలియదు, అంకె పెద్దది కాబట్టి మంచిదే అయ్యుంటుందనుకున్నాను. పైగా ఆ క్యాప్సూల్‌ని, యాంటీబయాటిక్‌ని ఒకే గుక్క నీళ్లతో మింగేదాన్ని. బ్యాక్టీరియాని చంపే మందూ, బతికున్న బ్యాక్టీరియా ఉన్న మందూ ఒకేసారి లోపలికి వెళ్తున్నాయని నాకు తట్టనే లేదు. కనీసం రెండు గంటలు తేడా ఉండాలని తర్వాత తెలిసింది.

మూడో వారంలో డాక్టర్ దగ్గరకు వెళ్లాను, అది ముందే చేయాల్సింది. ఆవిడ మొదట ప్రోబయాటిక్ ఊసే ఎత్తలేదు. మలంలో రక్తం పడుతోందా, జ్వరం ఉందా, బరువు తగ్గారా, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తోందా అని వరసగా అడిగి మల పరీక్ష రాశారు. యాంటీబయాటిక్ తర్వాత ‘సీ డిఫ్’ అనే బ్యాక్టీరియా పేగుల్లో పెరిగిపోయే ప్రమాదం ఉంటుందట, అది ఉంటే పెరుగు తిని ఊరుకునే వ్యవహారం కాదు. రిపోర్టులో అది లేదని వచ్చింది. అప్పుడు నా డబ్బా తీసి చూపించాను. ఆవిడ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివి, “ఇందులో ఏ స్ట్రెయినో రాయలేదమ్మా, జాతి పేరు రాసి ఊరుకున్నారు” అన్నారు.

ఈ స్ట్రెయిన్ గొడవ, అంటే ఒకే జాతిలోని ఉపరకాల గొడవ, నాకు అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. కుక్కలన్నీ ఒకే జాతి అయినా కాపలా కుక్క చేసే పని బొచ్చుకుక్క చేయదు కదా, ఇక్కడా అంతే. డబ్బా మీద లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అని బ్యాక్టీరియా జాతి పేరు రాస్తే సరిపోదు, దాని పక్కన జీజీ అని ఉందా అన్నది చూడాలి, ఎందుకంటే పరీక్షలు చేసింది ఆ జీజీ మీద. (ఆ జీజీ ఏమిటంటారా, దాన్ని కనుగొన్న గోర్బాక్, గోల్డిన్ అనే ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు.) దీనికి తోడు 2020లో శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ అనే ఒక్క ప్రజాతిని (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపును) 25గా విడగొట్టి కొత్త పేర్లు పెట్టారు. దాంతో ఒకే బ్యాక్టీరియా ఒక డబ్బా మీద ఒక పేరుతో, ఇంకో డబ్బా మీద ఇంకో పేరుతో కనిపిస్తుంది. షాపులో నిలబడి చదివేవాడికి పిచ్చెక్కాల్సిందే.

డాక్టర్ నా డబ్బా ఆపేయమన్నారు. యాంటీబయాటిక్ వాడుతున్న రోజుల్లోనే అడిగి ఉంటే సాకరోమైసిస్ బౌలార్డి రాసేదాన్నని, అది బ్యాక్టీరియా కాదు ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్‌కి చావదని చెప్పారు. అదైనా రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఇవ్వరట, రక్తంలోకి చేరితే ప్రమాదం. “ఇప్పుడైతే మీకు క్యాప్సూల్ అక్కర్లేదు, తిండి సరిచేసుకోండి, కొన్ని వారాలు ఓపిక పట్టండి” అన్నారు. అంత దూరం వెళ్తే ఓపిక రాసిచ్చారేమిటని కాస్త నిరాశగానే తిరిగొచ్చాను.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాక ఆవిడ మాట అర్థమైంది. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు యాంటీబయాటిక్ వాడినవాళ్ల పేగుల్ని ఎండోస్కోపీ చేసి మరీ చూశారు. ప్రోబయాటిక్ మింగినవాళ్లలో వాళ్ల సొంత సూక్ష్మజీవులు తిరిగి రావడం, ఏమీ మింగనివాళ్లకంటే ఆలస్యమైందట! బయటి నుంచి వచ్చినవి చోటు ఆక్రమించి కూర్చుంటే అసలు కాపురస్తులకు తలుపు దొరకలేదన్నమాట. చిన్న ప్రయోగమే, పట్టుమని పాతిక మంది కూడా లేరు, అయినా చదివాక నా 5,000 కోట్ల డబ్బా తీసి అల్మారాలో వెనక్కి నెట్టేశాను. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చేసిన ఇంకో ప్రయోగం కూడా చిన్నదే. 36 మంది ఆరోగ్యవంతుల్లో కొందరికి పీచు ఎక్కువున్న తిండి, కొందరికి పులియబెట్టిన తిండి 10 వారాలు ఇచ్చారు. పులియబెట్టినవి తిన్నవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌కు, అంటే శరీరం లోపలి వాపుకు, సంబంధించిన 19 ప్రొటీన్లు తగ్గాయి. అది చదివి ఉత్సాహం ఆగక మర్నాడే పెద్ద గ్లాసుడు కెఫీర్ (పులియబెట్టిన పాల పానీయం) తాగేశాను. ఆ రాత్రి సంగతి వద్దులెండి.

అక్కడ నేర్చుకున్నదే నాకు అన్నిటికంటే పనికొచ్చింది: చెంచాతో మొదలుపెట్టాలి, గ్లాసుతో కాదు. అలా మొదలుపెట్టిన మొదటి వారం పెరుగు ఒక్కటే, రోజుకు నాలుగు చెంచాలు. పాలు తాగితే ఉబ్బరం వచ్చేది గానీ పెరుగుతో రాలేదు, అదే పాలు కదా అని ఆశ్చర్యపోయాను. పేగు దెబ్బతిన్నప్పుడు పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైమ్ కొన్నాళ్లు తగ్గుతుంది. పెరుగులోని బ్యాక్టీరియా ఆ చక్కెరలో కొంత తోడుకునేటప్పుడే తినేస్తాయి, మిగతాదాన్ని మన పేగులోకి వెళ్లాక తమ ఎంజైమ్‌తో విరగ్గొట్టిపెడతాయి. ప్రోబయాటిక్ కంపెనీలు చెప్పుకునే గొప్పల్ని చాలావరకు తిప్పికొట్టిన యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా 2010లో ఈ ఒక్కదానికి సరే అంది. అయితే పెరుగు బతికి ఉండాలి. తోడుపెట్టాక వేడిచేసి అమ్మే రకాల్లో ఆ బ్యాక్టీరియా ఉండదు.

నాలుగో వారంలో క్యాబేజీ పులియబెట్టాను. కిలో క్యాబేజీ సన్నగా తరిగి, 20 గ్రాముల ఉప్పు తూకం వేసి, పది నిమిషాలు చేత్తో పిసికితే గిన్నె అడుగున నీళ్లు ఊరాయి. అదంతా గాజు సీసాలోకి నొక్కి మూత పెట్టాను. ఆరో రోజు తెరిస్తే పైన నీళ్లలోంచి తేలిన నాలుగు తురుము ముక్కల మీద పచ్చటి నూగులా బూజు. పైది తీసేసి కిందది తిందామా అని ఒక్క క్షణం ఆశ పుట్టింది, ఈ కడుపుతో ప్రయోగాలెందుకని మొత్తం పారేశాను. రెండోసారి పైన ఒక వెడల్పాటి ఆకు కప్పి, దాని మీద చిన్న గాజు గ్లాసు బరువు పెట్టి, ఒక్క ముక్క కూడా గాలికి తగలకుండా ఉప్పునీళ్ల కింద ఉంచాను. రెండో రోజు అంచుల వెంట బుడగలు, మూత కొద్దిగా వదులు చేస్తే సోడా సీసాలా బుస్సుమంది. మూడో రోజు వాసన భరించలేం. ఐదో రోజుకు ఆ వాసన పోయి పులుపు మొదలైంది. ముందు గ్యాస్ పుట్టించే ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా పనిచేసి, పులుపు పెరిగాక తాను తప్పుకుంటే, ఆ పులుపుకు తట్టుకునే ప్లాంటరమ్ అనే ఇంకో బ్యాక్టీరియా రంగంలోకి దిగుతుంది. పదో రోజు పులుపు కొలిచే పీహెచ్ కాగితం (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ముంచితే 4 కంటే తక్కువ చూపించింది. 4.6 కంటే దిగితే బొటులిజం అనే ప్రాణాంతక విషాహార జబ్బు తెచ్చే క్రిమి పెరగదు, అందుకే ఆ కాగితాలు కొన్నాను.

తెచ్చిపెట్టుకున్న తెలివితో ఆ క్యాబేజీని మొదటిరోజు పెనం మీద వేడిచేసి తిన్నానని కూడా చెప్పాలి. పది రోజులు పెంచి ఐదు నిమిషాల్లో చంపేశాను! బజార్లో సీసాలో దొరికేవీ చాలా అలాంటివే, వెనిగర్‌లో నానబెట్టినవో పాశ్చరైజ్ చేసినవో, పులుపు ఉంటుంది గానీ అందులో ప్రాణం ఉండదు. బతికున్నంత మాత్రాన అది ప్రోబయాటిక్ అయిపోదు కూడా. 2001లో ఐక్యరాజ్యసమితి నిపుణులు పెట్టిన నిర్వచనం ప్రకారం సరిపడా మోతాదు ఉండాలి, మేలు చేస్తుందని తేలి ఉండాలి. నా సీసాలో ఎన్ని కోట్లున్నాయో ఎవరు లెక్కపెట్టారు?

చిన్న చెంచాతో మొదలుపెట్టి, ప్రతి మూడు నాలుగు రోజులకు ఒక చెంచా పెంచుకుంటూ, గ్యాస్ వస్తే ఒక మెట్టు వెనక్కి దిగుతూ పోయాను. ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్న మా ఆయనకు పెట్టలేదు, ఆయన ఏమీ బాధపడలేదు. ఏం తిన్నానో, పొట్ట ఎలా ఉందో రోజూ రాసుకున్న నోటుబుక్కులో తొమ్మిదో వారం దగ్గర ‘ఉబ్బరం’ అనే మాట రెండు రోజులే కనిపిస్తుంది, పన్నెండో వారంలో లేదు. పెరుగు వల్లా, క్యాబేజీ వల్లా, లేక ఊరికే రోజులు గడిచినందుకా అని డాక్టర్‌ని అడిగితే నవ్వి, “మూడూ అనుకోండి” అన్నారు.

వచ్చే నెల ఇంకో పన్ను తీయించుకోవాలి. యాంటీబయాటిక్ రాసేముందే అది నిజంగా అవసరమా అని అడుగుదామని నోటుబుక్కు మొదటి పేజీలో రాసిపెట్టుకున్నాను.