ప్లేట్ల ముందు ఆదివారాలు

"ఏమ్మా, దొరికిందా?"

భీమవరం దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీంచి నాన్న ప్రతి ఆదివారం పొద్దున్నే అడిగే మొదటి మాట ఇదే. అప్పటికి న్యూజెర్సీలో నాకింకా శనివారం రాత్రే.

నా ఉద్యోగం మట్టిలో కొత్త యాంటీబయాటిక్ కోసం వెతకడం. ఓక్ చెట్ల కింద, వాగుల పక్కన చెంచాడేసి మట్టి తెస్తాను. ఆరబెట్టి, నీళ్లలో కలిపి, పలుచన చేసుకుంటూ పోయి, బ్యాక్టీరియా పెంచే అగర్ ప్లేట్ల మీద పరుస్తాను. మామూలు బ్యాక్టీరియా రాత్రికి రాత్రే పెరిగిపోతుంది. నాకు కావాల్సింది స్ట్రెప్టోమైసిస్, యాంటీబయాటిక్‌లు తయారుచేసే మట్టి బ్యాక్టీరియా. దానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. సుద్దపొడి అద్దినట్టు చిన్న చిన్న చుక్కలుగా వస్తుంది. మూత తీస్తే తొలకరి వాసన. మా ఊళ్లో వానకి తడిసిన నేలలో వచ్చేదీ ఇదే వాసన, దాన్నిచ్చే పదార్థం పేరు జియోస్మిన్. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం, బయట మంచు కురుస్తుంటే, ఆ ప్లేటు పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

గత ఏడాది మార్చిలో ఒక చుక్క చుట్టూ 22 మిల్లీమీటర్ల ఖాళీ వలయం కనిపించింది. పరీక్షకని ప్లేటు మీద వేసిన క్లెబ్సియెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా అంతమేర పెరగలేదు. మా పెద్దమ్మ ఆ ఇన్ఫెక్షన్‌తోనే పోయింది. ఐసీయూలో మందు మీద మందు మార్చారు, ఒక్కటీ పనిచేయలేదు. అందుకే ఆ వలయం చూశాక మూడు వారాలు నాకు సరిగా నిద్ర లేదు.

పదార్థాన్ని వేరుచేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడితే అణుభారం 502 అని తేలింది. ముక్కలు చేసి పోల్చినా అదే జవాబు: స్ట్రెప్టోత్రిసిన్ అనే పాత యాంటీబయాటిక్. 1942లో ఇదే న్యూజెర్సీలో, రట్గర్స్ యూనివర్సిటీలో, వాక్స్‌మన్, వుడ్రఫ్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కిడ్నీలకు హాని చేస్తుందని అప్పట్లో పక్కన పెట్టేశారు.

"దొరికింది నాన్నా, కానీ ఎనభై ఏళ్ల కిందటే వేరేవాళ్లకి దొరికింది."

కాసేపు మాట్లాడలేదు. "పోనీ మన చెరువు మట్టి పంపనా?" అన్నాడు.

కుదరదు. బయటి దేశపు మట్టి అమెరికాలోకి రావాలంటే వ్యవసాయ శాఖ పర్మిట్ కావాలి, అటు మన జీవవైవిధ్య చట్టం కింద కూడా అనుమతులుంటాయి. "యల్లాప్రగడ సుబ్బారావు గారిదీ మన భీమవరమేగా" అన్నాడు నాన్న, నన్ను ఓదార్చడానికి. ఆయన పరిశోధనలు నడిపించిన లెడర్లీ మందుల కంపెనీలోనే, మిస్సోరి పొలం మట్టి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. ఆ కంపెనీ నడిచిన పెర్ల్ రివర్ ఊరు మా ల్యాబ్ నుంచి గంట దారి.

నాన్న మీద ఒక్కసారే అరిచాను. చెరువుకి వైట్‌స్పాట్ తగిలిన ఏడాది షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి మేతలో కలిపాడు. వైట్‌స్పాట్ వైరస్, దానికి ఆ మందు పనిచేయదు. పైగా చెరువులో మందుకి లొంగని బ్యాక్టీరియా మిగిలి పెరుగుతుంది. ఒక్క మందు కోసం ఎన్ని వందల ప్లేట్లు చూస్తానో చెప్పాను. మళ్లీ వాడలేదు. ఇప్పుడు పక్క చెరువులవాళ్లకీ తనే చెబుతున్నాడు.

2023లో బోస్టన్ పరిశోధకులు స్ట్రెప్టోత్రిసిన్‌లో ఒక రకాన్ని విడిగా తీసి పరీక్షించారు. మొండి బ్యాక్టీరియాని చంపింది, మిగతా రకాల కంటే హాని తక్కువని తేలింది. అందుకే నా 502ని నేనూ పారేయలేదు. దాన్ని తయారుచేసిన బ్యాక్టీరియాని గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాను.

నిన్న డెలావేర్ నది ఒడ్డు నుంచి కొత్త మట్టి తెచ్చాను. రెండు ఆదివారాలు ఆగమని నాన్నకి చెప్పాను.