చీమల పుట్ట దగ్గర మా ఇల్లు

మేము ఉండేది మెక్సికో నగరంలో, అస్కపోత్సాల్కోలో. ఇక్కడి మెట్రో స్టేషన్ గుర్తు ఒక చీమ. అక్షరాలు రాని వయసులోనే మా అబ్బాయి ఆ చీమ కనబడగానే సీటులోంచి లేచి నిలబడేవాడు, ఇల్లు వచ్చిందని.

ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. మొన్న బడిలో ఇచ్చిన పటానికి రంగులు వేస్తూ, తెస్కోకో సరస్సు పడమటి ఒడ్డంతా ఎర్రగా నింపి, "ఇది మన వైపు అమ్మా, తెపనెకుల వైపు" అన్నాడు. ఆ 'మన' అన్న మాట నా గుండెలో గుచ్చుకుంది. తెలుగు నేల వాడికి ఏ వైపు?

రాత్రి వాడి పుస్తకం నేనూ చదివాను. ఒకప్పుడు ఈ వైపును ఏలిన తెపనెకులూ ఈ నేలకు వచ్చినవాళ్లే. ఉత్తరాన ఏడు గుహల నుంచి బయలుదేరిన జనాల్లో తామూ ఉన్నామని వాళ్ల కథ. సరస్సుకు పడమట స్థిరపడ్డారు. అస్కపోత్సాల్కో రాజధాని, దక్షిణాన కొయొఆకాన్, మధ్యలో త్లాకోపాన్. తర్వాత వచ్చిన మెషికాలు, అంటే లోకం అజ్టెక్కులని పిలిచేవాళ్లు, సరస్సు మధ్య దీవిలో తెనోచ్‌తిత్లాన్ నగరం కట్టుకుని, చాలాకాలం వీళ్లకే కప్పం కట్టారు. తెసోసోమోక్ రాజు కాలంలో తెపనెకుల మాటకు ఎదురు లేదు. 1426లో ఆయన పోయాక కొడుకు మాష్‌త్లా గద్దెనెక్కాడు. 1428లో ఆ కప్పం కట్టినవాళ్లే తెస్కోకో నగరంతో కలిసి తెపనెకుల రాజధానిని కూల్చారు. గెలిచినవాళ్ల కూటమిలో మూడో భాగస్వామి త్లాకోపాన్, అదీ తెపనెకుల ఊరే! చీమలు పెట్టిన పుట్ట పాముల పాలైందని మనవాళ్లు అనే మాట నాకు అక్కడే గుర్తొచ్చింది. ఎందుకంటే వాళ్ల నావాట్ల్ భాషలో అస్కపోత్సాల్కో అంటే 'చీమల పుట్ట దగ్గర' అని అర్థం.

పొద్దున్నే వాడికి చెప్పాను. "పుట్ట అంటే?" అన్నాడు. ఆదివారం తెలుగు పాఠాలకు బతిమాలి కూర్చోబెట్టాల్సిన పిల్లవాడు తనంతట తాను ఒక తెలుగు మాట అర్థం అడిగాడు. పటం మీద పుట్టపర్తి చూపించాను. ఆ పేరును వేలితో మూడుసార్లు చదివాడు.

ఆ ఆదివారం పాఠం పెట్టలేదు, తెసోసోమోక్ పార్కుకు వెళ్లాం. అక్కడి చెరువును ఆనాటి సరస్సుల రూపంలో తీర్చారు. పడమటి గట్టు మీద నిలబడి అమ్మమ్మకు ఫోను చేసి, "మేము చీమల పుట్ట దగ్గర ఉంటున్నాం" అని తెలుగులోనే చెప్పాడు.

"అయితే నాగుల చవితికి అక్కడే పాలు పోయండి నాన్నా," అంది మా అమ్మ.

చవితి ఎప్పుడని వాడు అప్పటి నుంచీ రోజూ అడుగుతున్నాడు.