పెళ్ళాం పేరున పాట

రాత్రి పదకొండున్నర. మా ఆవిడ పడుకుంది. ఊరికే పడుకోలేదు, ఒక మాట అనేసి మరీ వెళ్ళింది. "ఆ అరుపులు ఆపండి. ఫ్లాట్ నా పేరున ఉందని గుర్తుందా?" నవ్వుతూనే అంది. అయినా గుచ్చుకుంది.

ఆ అరుపులు అమెరికా గాయకుడు, శాక్సాఫోన్ వాయిద్యకారుడు లూయిస్ జోర్డాన్‌వి. 1945 నాటి 'కాల్డోనియా' పాట. మధ్యలో కాల్డోనియా అనే పిల్లని పేరు పట్టుకుని కీచుమంటూ పిలుస్తాడు. ఇయర్‌ఫోన్లు చిన్నోడు ఎత్తుకెళ్ళాడు, నేనేం చెయ్యను?

తమాషా ఏంటంటే ఆ పాట కూడా అతని పేరున లేదు. రచన అని ఉన్నచోట భార్య ఫ్లీసీ మూర్ పేరు ఉంటుంది. అప్పటికే ఒక పాటల పబ్లిషర్‌తో జోర్డాన్‌కి ఒప్పందం ఉంది, దాన్ని తప్పించుకోవడానికి ఆవిడ పేరు వాడాడు. మన భాషలో బినామీ. 1947లో గొడవపడి ఆవిడ అతన్ని కత్తితో పొడిచింది. తర్వాత విడాకులు. పాట మాత్రం రాయల్టీతో సహా ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

ఇది తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది. అర్కాన్సాలోని బ్రింక్లీలో 1908లో పుట్టి, బ్యాండు మాస్టరైన తండ్రి దగ్గర నేర్చుకుని పైకొచ్చినవాడు. చిక్ వెబ్ అనే డ్రమ్మర్ బృందంలో ఉంటూ, అక్కడి గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్‌ని తాను పెట్టబోయే బ్యాండులోకి లాగబోయాడని 1938లో ఉద్యోగం పోయింది. (అది మాత్రం అతని తప్పే.) తర్వాత సొంత బ్యాండు 'టింపనీ ఫైవ్'. పేరుకే ఐదుగురు, చాలాసార్లు ఏడుగురు. పదిహేను మంది వాయించే బ్యాండుల కాలంలో ఆ చిన్న గుంపుతో 1946లో 'చూ చూ చ్'బూగీ'ని నల్లవాళ్ళ పాటల పట్టికలో 18 వారాలు మొదటి స్థానంలో నిలబెట్టాడు. అలాంటివాడికి తన పాట మీద తన పేరు లేదు!

మా పెదనాన్న గుర్తొచ్చాడు. భూ సీలింగ్ చట్టం రోజుల్లో నాలుగెకరాలు బావమరిది పేరున రాశాడు. ఆయన తిరిగివ్వలేదు. నాకు ఊహ తెలిసేసరికి పెదనాన్న రోజూ పొద్దున్నే ఆ గట్టు దాకా వెళ్ళి, హద్దురాయిని చేతికర్రతో రెండుసార్లు తట్టి వచ్చేవాడు. లోపల కాలు పెట్టేవాడు కాదు. చెప్పులు మాత్రం మంచుకి తడిసేవి. పెద్దమ్మ వాటిని పొయ్యి పక్కన ఆరబెట్టి, "అయిందా మీ పొలం చూసుకోవడం?" అనేది. నాకు ఏడుపొచ్చేది.

ఇప్పుడు టైపు చేస్తుంటే అనిపిస్తోంది, చట్టం కళ్ళుగప్పడానికి రాసిచ్చింది పెదనాన్నే కదా. పబ్లిషర్ కళ్ళుగప్పింది జోర్డానే కదా. ఫ్లీసీని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. కత్తి సంగతి ఎవరూ సమర్థించరు, కానీ కాగితం మీద సంతకం ఆవిడ దొంగిలించింది కాదు. అతనే చేతికిచ్చాడు. ఇక మా ఫ్లాట్ మా ఆవిడ పేరున పెట్టింది కూడా నేనే, షాపు అప్పుల రోజుల్లో, అప్పులవాళ్ళకి దొరక్కుండా.

నిజంగా అన్యాయం అనిపించేది వేరొకటి. డెక్కా రికార్డుల కంపెనీలో జోర్డాన్ పాటలు చేయించిన మిల్ట్ గాబ్లరే 1954లో తెల్ల గాయకుడు బిల్ హేలీ చేత 'రాక్ అరౌండ్ ద క్లాక్' చేయించాడు. ఊపంతా జోర్డాన్ పాటలదే. అదే ఏడు జోర్డాన్ డెక్కా నుంచి బయటికొచ్చాడు. ఇందులో బినామీ కాగితం కూడా లేదు, ఎవర్ని అడుగుతాం?

సరే, శాక్సాఫోన్ వచ్చే ముక్క ఇంకొక్కసారి. వాల్యూమ్ బాగా తగ్గించాను.

లోపల్నుంచి, "వినపడుతోంది."