కోపం కూడా రాని రోజు

పెద్దోడికి నాలుగేళ్లు, చిన్నదానికి ఏడాదిన్నర. మా ఆయన అల్లూరు దగ్గర రొయ్యల గుంటల మీద ఉంటారు. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే అర్ధరాత్రయినా పరిగెత్తాల్సిందే. ఇక నెల్లూరులో, మూడో అంతస్తులో, మేం ముగ్గురం.

మొన్న చిన్నది పప్పన్నం గిన్నె బోర్లించి, దాంట్లో రెండు చేతులూ పామి, నా వైపు చూసి నవ్వింది. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. భయమేసింది అందుకే.

పిల్లల పెంపకంలో అలిసి అలిసి ఇలా మొద్దుబారిపోవడాన్ని పేరెంటల్ బర్నవుట్ అంటారట. బెల్జియంలో ఇసబెల్ రోస్కామ్, మొయిరా మికోలాజ్‌చాక్ అనే పరిశోధకులు ఏళ్లుగా దీని మీదే పనిచేస్తున్నారు. 2021లో వాళ్ల బృందం 42 దేశాల వివరాలు ప్రచురించింది. ఎవరికి వారే అన్నట్టు బతికే సమాజాల్లో ఇది ఎక్కువట. ఉమ్మడి కుటుంబాలని గొప్పలు చెప్పుకుంటూ ఫ్లాట్లలో తలుపులేసుకునే మనం ఏ లెక్కలోకి వస్తామో! "మేం అయిదుగురిని పెంచలేదా" అనేవాళ్లూ ఉన్నారు. పెంచారు, కాదన్ను. ఒక్కరే మాత్రం పెంచలేదు.

కందుకూరు నుంచి అత్తమ్మ వచ్చారు. "నువ్వు పోయి పడుకోమ్మా, వీళ్ల సంగతి నేను చూస్తా" అన్నారు. సాయంత్రం దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయా. లేచేసరికి ఇల్లంతా కిష్కింధ, పెద్దోడి ఒంటినిండా స్కెచ్‌పెన్ గీతలు. ఆమె మాత్రం నిమ్మళంగా వక్క నములుతున్నారు.

మరీ తట్టుకోలేకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఆదివారం పొద్దున పూట పిల్లలు ఆయన డ్యూటీ అని ఒప్పందం చేసుకున్నాం. ఇప్పుడే ఫోన్ వచ్చింది, గుంటలో డీఓ, అంటే నీళ్లలో ఆక్సిజన్, పడిపోయిందట. చూద్దాం.