వాగుకు పట్టే కాలం, గ్రాంటుకు పెట్టే గడువు

అమెరికా వాయవ్య ప్రాంతంలో వాగుల పునరుద్ధరణ కోసం, స్థానిక చేపల ఆవాసాల కోసం గ్రాంటు అడుగుతూ వచ్చే దరఖాస్తులను చదివి అభిప్రాయం చెప్పే పని నేను కొంతకాలంగా చేస్తున్నాను. డబ్బు చాలకపోవడం వల్ల చెడే పనులు లేకపోలేదు గాని, వచ్చిన డబ్బుకు పెట్టిన గడువు వాగు నడకతో పొసగక చెడేవే ఎక్కువని ఆ కాగితాలు చదివేకొద్దీ నాకు అనిపిస్తోంది.

నిధులు వచ్చే దారులు చాలానే ఉన్నాయి. 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం ప్రకారం గాలాలు, రీళ్ల వంటి సామగ్రిపై వసూలయ్యే 10 శాతం ఎక్సైజ్ సుంకం రాష్ట్రాల మత్స్యశాఖలకు చేరుతుంది. ఖర్చులో 75 శాతం వరకు ఫెడరల్ ప్రభుత్వం ఇస్తే, మిగిలినది రాష్ట్రం భరిస్తుంది. సముద్రం నుంచి వాగుల్లోకి ఎదురీదివచ్చి గుడ్లు పెట్టే సాల్మన్ చేపల కోసం పసిఫిక్ తీర సాల్మన్ పునరుద్ధరణ నిధిని అమెరికా కాంగ్రెస్ 2000లో ఏర్పాటు చేసింది. ఆరెగాన్ ఓటర్లు 1998లో లాటరీ రాబడిలో 15 శాతాన్ని పార్కులకు, సాల్మన్ చేపల ఆవాసాలకు కేటాయించి, 2010లో ఆ ఏర్పాటును శాశ్వతం చేశారు. జూదం సొమ్ముతో చేపలు బతకడం వింతగానే ఉంటుంది గాని, ఏటా శాసనసభ దయ కోసం ఎదురుచూడనక్కరలేని రాబడి దొరకడం మామూలు విషయం కాదు.

ఈ నిధులతో జరిగే పనుల్లో నాకు బాగా ఆసక్తి కలిగించేది కల్వర్టులు మార్చడం. రోడ్డు కింద వేసిన గొట్టం వాగు వెడల్పు కన్నా ఇరుకుగా ఉంటే నీరు అందులో వేగం పుంజుకొని, అవతల దూకిన చోట నేలను కోసి మడుగు చేస్తుంది. కొన్నేళ్లు గడిచేసరికి గొట్టం చివర వాగు మట్టానికి పైన, అందనంత ఎత్తున వేలాడుతూ ఉంటుంది. ఎదిగిన సాల్మన్ ఒక్కోసారి ఎగిరి దాటగలదేమో గాని, వేసవిలో చల్లని నీళ్లు వెతుక్కుంటూ ఎగువకు పోవలసిన వేలెడంత పిల్లకు అక్కడితో దారి మూసుకుపోయినట్లే. దీనికి తెలిసిన మందు ఉంది: నిండుగా పారేటప్పటి వాగు వెడల్పు కన్నా విశాలమైన కట్టడం వేసి, దాని లోపల కూడా రాళ్లూ కంకరా పరిచి, వాగు అడుగు తెగకుండా కొనసాగేలా చేయడం. 2021 నాటి మౌలిక వసతుల చట్టం సముద్రం నుంచి ఎదురీదివచ్చే చేపలకు అడ్డుపడే కల్వర్టులను మార్చడానికి ఐదేళ్లకు వంద కోట్ల డాలర్లు కేటాయించింది.

చిక్కల్లా ఒకే వాగు మీది కల్వర్టులన్నీ ఒకరివి కాకపోవడంలో ఉంది. ఒకటి రాష్ట్ర రహదారిది, దాని దిగువది కౌంటీది, ఇంకా దిగువన ఉన్నది కలప కంపెనీది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆదివాసీ తెగలు 1850ల నాటి ఒప్పందాల్లోని చేపల హక్కు ఆధారంగా 2001లో కల్వర్టుల మీద కోర్టుకెక్కగా, 2013లో వాటిని మార్చాలని ఆదేశం వచ్చింది. 2018లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు ఇటు, నలుగురు అటు చీలడంతో కింది కోర్టు తీర్పే నిలిచింది. తెగలకు దక్కిన ఆ విజయం చిన్నది కాదు. అయినా ఆ ఆదేశం రాష్ట్రం సొంత కల్వర్టులకే వర్తిస్తుంది; దిగువన మరొకరి గొట్టం అడ్డుగా ఉన్నంతకాలం ఎగువన కట్టిన ఖరీదైన వంతెన దాకా చేప చేరదు. వాగు మొత్తానికి ఒకే దరఖాస్తు పెట్టి, దిగువ నుంచి వరుసగా మార్చుకుంటూ రాగల ఏర్పాటు ఉంటే ఇదే డబ్బు ఎంతో దూరం వస్తుంది.

ఇక చెల్లింపు పద్ధతి. చాలా గ్రాంట్లు ముందు ఖర్చు పెట్టి, రసీదులు చూపిన తరువాతే తిరిగి ఇస్తాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు చూసిన మనవాళ్లకు ఇందులోని యాతనను విడమరిచి చెప్పనక్కరలేదు. ఇద్దరు ఉద్యోగులతో నడిచే వాటర్‌షెడ్ మండలి (ఒక వాగు పరీవాహకాన్ని చూసుకునే స్థానిక సంఘం) కాంట్రాక్టరుకు నెలల తరబడి ఎక్కడి నుంచి చెల్లిస్తుంది? దానికి తోడు మ్యాచింగ్ వాటా, అంటే గ్రాంటుకు జతగా తమ వంతు ఖర్చు, చూపాలి; అది కూడా ఫెడరల్ గ్రాంటుకు సాధారణంగా మరో ఫెడరల్ గ్రాంటు వాటాగా చెల్లదు. అందుకే వాలంటీర్ల గంటలకు, రైతు ఉచితంగా ఇచ్చిన దుంగలకు వెలకట్టి ఆ లెక్క పూరిస్తారు. ఇంతా చేసి అనుమతులు ఒక నెల ఆలస్యమైతే ఏడాది పోయినట్లే, ఎందుకంటే చేపలు గుడ్లు పెట్టే కాలం తప్పించి వాగులో యంత్రాలు దించడానికి అనుమతించే రోజులు వేసవిలో కొన్ని వారాలు మాత్రమే.

ఖరీదైన పనే మంచి పని అన్న నమ్మకం కూడా నాకు లేదు. గత శతాబ్దం మధ్యలో చేపలకు అడ్డమని భావించి ప్రభుత్వ సంస్థలే వాగుల్లోని దుంగలను తీయించాయి. ఆ దుంగలే మడుగులను, నీడను, కంకర తిన్నెలను నిలబెట్టేవని తెలిశాక ఇప్పుడు గ్రాంటు పెట్టి మళ్లీ వేయిస్తున్నాయి. ఆరెగాన్‌లోని జాన్ డే నదీ పరీవాహకంలో ఉన్న బ్రిడ్జ్ క్రీక్‌లో మాత్రం వాగుకు అడ్డంగా కర్రగుంజలు దిగగొట్టి, వాటి మధ్య కొమ్మలు అల్లి, మిగతా పని కొమ్మలతో, మట్టితో ఆనకట్టలు కట్టే బీవర్ అనే జంతువులకు వదిలేశారు. లోతుగా కోసుకుపోయిన వాగు అడుగు మళ్లీ పైకి లేచి నీరు పక్క నేలను తడిపింది, స్టీల్‌హెడ్ (సముద్రానికి వెళ్లి తిరిగివచ్చే ట్రౌట్ చేప) పిల్లల సంఖ్య, వాటిలో బతికే వాటి శాతం రెండూ పెరిగాయి. అక్కడ ఏళ్ల తరబడి కొలిచారు గనుక ఆ సంగతి మనకు తెలిసింది. మామూలు గ్రాంటులో కొలతలకు అంత డబ్బు మిగలదు.

సాల్మన్ పేరుతో వచ్చే డబ్బు తక్కిన స్థానిక చేపలకు అన్నిసార్లూ అక్కరకు రాదు. పాములా పొడవుగా ఉండే పసిఫిక్ లాంప్రే అనే చేప నోటితో రాతిని పట్టుకొని కొద్దికొద్దిగా పాకుతూ ఎక్కుతుంది. సాల్మన్ ఆనకట్ట దాటి ఎక్కడానికి కట్టిన మెట్ల కాలువ, అంటే చేపల నిచ్చెనలోని పదునైన మూల దగ్గర దాని పట్టు జారిపోతుంది. ఆ మూలను గుండ్రంగా మలచడం పెద్ద ఖర్చు కాదు, దరఖాస్తులో ఎవరో ఒకరు అడగాలి, అంతే.

ఒడ్డున నాటే విల్లో, కాటన్‌వుడ్ మొక్కల విషయం మరీ అన్యాయం. గ్రాంటు రెండు మూడేళ్లలో ముగుస్తుంది. నీళ్ల మీద నీడ పడటానికి దశాబ్దానికి పైగా పట్టవచ్చు. ఆ మధ్యకాలంలో రీడ్ కేనరీ గడ్డి ముసురుకున్నా, జింకలు చిగుళ్లు మేసినా చూసే మనిషికి జీతం ఉండదు. అందువల్ల ఐదో ఏటి కలుపుతీతకు బడ్జెట్‌లో ఒక పద్దు రాసుకున్న దరఖాస్తు కనిపిస్తే నేను దాని పక్షాన వాదిస్తాను. మార్కుల పట్టికలో అందుకు గడి లేదు కాబట్టి, ఆ మాట వ్యాఖ్యల కింద రాస్తున్నాను.