రేకుల షెడ్డు నీళ్ళు పట్టబోయి

నిన్న సాయంత్రం వానకి రెండు డ్రమ్ములూ నిండి, పొర్లు పైపులోంచి నీళ్ళు ఇంకుడు గుంతలోకి పోతున్న చప్పుడు వింటూ ఇది రాస్తున్నాను. మూడు వారాల కిందట ఇదే డ్రమ్ముల ముందు తలొంచుకుని నిలబడ్డాను. ఆ ఉక్రోషం ఇంకా చల్లారలేదు. ఎవరి మీద పడాలో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

మాది హైదరాబాదు శివారు. బోరు నీళ్ళే దిక్కు. అవీ చవుడు. కరివేపాకు మొక్క మీద చల్లితే ఆకులకి సున్నం పూసినట్టు మరకలు. బట్టల సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. పెరట్లో స్కూటరూ పాత సామానూ పడేసుకునే జింకు రేకుల షెడ్డు ఒకటుంది, పన్నెండడుగులకి ఇరవై. వానొస్తే దాని చూరు నీళ్ళన్నీ గోడ వారన మడుగు కట్టి దండగైపోయేవి. పల్నాడులో మా నాయనమ్మ వాన మొదలవగానే చూరు కింద గంగాళం లాగేది. ఆ నీళ్ళతో కందిపప్పు ఇట్టే ఉడికేదని చెప్పేది. ఆవిడ గంగాళంతో చేసిన పని నేను పైపులతో చెయ్యలేనా అనుకున్నాను.

లెక్క తేలికే. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా రేకులు 22 చదరపు మీటర్లు. ఇక్కడ ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే కాగితం మీద 17,600 లీటర్లు, మూడున్నర ట్యాంకర్లు! ఈ ముక్క కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. ఎదురింటి రిటైర్డు ఇంజనీరుగారు వెంటనే, "అన్నీ మీ రెండు డ్రమ్ముల్లోనే పడతాయా మాస్టారూ?" అని రాసి ఒక నవ్వు బొమ్మ తగిలించారు. దానికి పదహారు మంది బొటనవేళ్ళు.

డ్రమ్ములు 200 లీటర్లవి, నీలం రంగువి, పాత సామాన్ల కొట్లో తెచ్చాను. ముందు వాటిలో ఏముండేదో అడిగి, మూత తీసి వాసన చూసి మరీ కొనండి. నావి పచ్చళ్ళవాళ్ళవి, మూడు సార్లు కడిగినా ఆవపిండి ఘాటు పోలేదు. మొక్కలేం అనలేదు. కింద సిమెంటు ఇటుకలు పేర్చి ఎత్తు చేశాను. నిండిన డ్రమ్ము రెండు వందల కిలోలు, నేల మెత్తగా ఉంటే ఒరిగిపోతుంది. ట్యాంక్ నిపుల్ (డ్రమ్ము గోడకి బిగించే పైపు ముక్క) బిగించి రెంటినీ అడుగున కలిపాం. అరపూట పని.

కాలువ దగ్గరే మొదటి దెబ్బ. ఆరంగుళాల పీవీసీ పైపును నిలువునా చీల్చి చూరుకి బిగించమన్నాను. ఇరవై అడుగులకి రెండున్నర అంగుళాల వాటం, అంటే వాలు, అయినా ఉండాలి కదా. ప్లంబరు ఒక కన్ను మూసి చూసి, "మంచిగుంది సార్, ఏం గాదు" అన్నాడు. మేస్త్రీలు నీళ్ళు పోసి మట్టం చూసే పారదర్శకపు గొట్టం షెడ్లోనే ఉంది. తియ్యడానికి నాకు బద్ధకం, పట్టుకోవడానికి అతనికి నామోషీ. మొదటి వానకే కాలువ మధ్యలో ఒక బారెడు మేర నీళ్ళు నిలిచాయి. ఎండొస్తే ఆరిపోతాయిలే అని వదిలేశాను.

మొదటి మురికి నీళ్ళు డ్రమ్ములోకి పోకుండా నాలుగంగుళాల పైపు అయిదడుగుల ముక్క నిలువుగా పెట్టి కింద మూత బిగించాను. దాదాపు పన్నెండు లీటర్లు పడుతుంది. అది నిండాకే మంచి నీళ్ళు డ్రమ్ములోకి మళ్ళుతాయి. వాన వెలిశాక ఆ మూత విప్పితే డికాక్షన్ రంగులో పావురాల రెట్టా, వేపాకులూ, ఒక బీడీ ముక్కా వచ్చాయి. ఆ ఫొటో కూడా గ్రూపులో పెట్టాను. ఈసారి నవ్వు బొమ్మ రాలేదు. గెలిచాననుకున్నాను.

రెండో వాన కూడా పడ్డాక పన్నెండు రోజులు చినుకు లేదు. మధ్యలో శుక్రవారం మేం ఊళ్ళో లేం. ఆ పై శుక్రవారం డ్రై డే, అంటే దోమలు పెరిగే నిలవ నీళ్ళు వెతికి పారబోయించే రోజు, అని ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, భుజాన సంచి, చేతిలో తెల్ల గిన్నె, నోటు పుస్తకం. నేను ఎదురెళ్ళి మరీ పెరట్లోకి తీసుకెళ్ళి, లీటర్ల లెక్క మొదలుపెట్టాను. విన్నది పాపం. తర్వాత "మూత తియ్యుండ్రి అంకుల్" అంది. డ్రమ్ము మూతి మీద జాలీ బిగించి ట్యూబు రబ్బరు చుట్టాను, దర్జాగా విప్పాను. గిన్నె ముంచి, ఫోను లైటు వేసి నా ముక్కు కింద పెట్టింది.

మొదట నలకలనుకున్నాను. ఆ నలకలు వంకర్లు తిరుగుతూ పైకొస్తున్నాయి, వెలుగు తగలగానే మెలికలు కొట్టుకుంటూ అడుక్కి దిగుతున్నాయి. ఒక్క గిన్నెలో పదిహేను దాకా ఉన్నాయి.

"జాలీ ఉంది కదమ్మా!" అన్నాను.

"జాలీ మంచిగనే కట్టిన్రు. మరి ఈ పైపుకేది?" అని పొర్లు పైపు చూపించింది. అంగుళంన్నర నోరు తెరుచుకుని ఉంది. నీళ్ళు బయటికి పోయే దారి అనే తప్ప, దోమ లోపలికొచ్చే దారి అని నాకు తట్టనేలేదు. అక్కడితో వదల్లేదు. మురికి పైపు మూత విప్పమంది. మొదటి వాన తర్వాత విప్పినవాణ్ణి, రెండో వానకి మర్చిపోయాను. అందులోనూ అవే. స్టూలేసుకుని కాలువలో చూసింది, పన్నెండు రోజులకీ ఆరని నీడపట్టు నీళ్ళలో ఆకుల కింద అవే. "మూడు జాగలు అంకుల్" అని పుస్తకంలో రాసుకుంది. గోడ అవతల ఇద్దరు చూస్తున్నారు, మా ఆవిడ గుమ్మంలో నిలబడింది. నేను మాస్టారుగా ముప్ఫయ్యేళ్ళు ఎంతమంది నోటు పుస్తకాల్లో తప్పులు చుట్టానో!

డ్రమ్ములు రెండూ అక్కడికక్కడే ఒంపించింది. ఒంపితే సరిపోదట, గుడ్లు గోడలకి అతుక్కుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయట, కొబ్బరి పీచుతో గీకమంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు, అందుకే వారం వారం వస్తామంది. డెంగీ దోమకి ఇలాంటి తేట నీళ్ళే ఇష్టమట. నేను నీళ్ళు తేటగా ఉన్నాయని మురిసిపోయినన్నాళ్ళూ అదీ మురిసిపోయిందన్నమాట.

ఇక్కడొక మాట. ఈ ఇల్లు కట్టేటప్పుడు పర్మిషన్ కాగితాల్లో ఇంకుడు గుంత పేరు చెప్పి డబ్బు కట్టించుకున్నారు. గుంత నేనే తవ్వించాను. ఉందో లేదో చూడ్డానికి కూడా ఎవరూ రాలేదు. తప్పు పట్టడానికి మాత్రం ఠంచనుగా వచ్చారని ఆ రోజంతా మండిపడ్డాను. మా ఆవిడ, "డబ్బు తీసుకున్నవాళ్ళు వేరు, దోమలు చూపించిన పిల్ల వేరు" అంది. నిజమే. కోపానికి ఆ తేడా పట్టదు.

మరమ్మతు నేనే చేసుకున్నాను. ప్లంబర్ని పిలవలేదు, పిలవను కూడా. గొట్టం పట్టి చూస్తే కాలువ మధ్యలో ముప్పావు అంగుళం కుంగింది. క్లాంపులు మార్చి వాటం కుదిర్చాను. పొర్లు పైపు మూతికి స్టీలు జాలీ తొడిగాను. నైలాన్‌దైతే ఎండకి పొడిపొడి అవుతుంది, వద్దు. మురికి పైపు మూతకి సన్నని బెజ్జం వేశాను, గంటా గంటన్నరలో దానంతటదే ఖాళీ అవుతోంది. మొత్తం మీద ఆరున్నర వేలయింది, అందులో వెయ్యి రూపాయలు నా బద్ధకానిది. ఈ నీళ్ళు తాగడానికి కాదు, మొక్కలకీ, వరండా కడగడానికీ, బట్టలకీ. మా ఆవిడ సబ్బు సగమే వాడుతోంది. కరివేపాకు మొక్కకి కొత్త చివుళ్ళకి మరకల్లేవు.

మొన్న శుక్రవారం ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. గిన్నె ముంచింది, లైటేసింది, పుస్తకంలో అడ్డగీత కొట్టి ఎదురింటికి వెళ్ళింది. ఇంజనీరుగారి హాల్లో మనీప్లాంటు సీసాలు వరసగా ఉంటాయి. కాసేపటికి ఆయన ఒక్కో సీసా తెచ్చి గేటు బయట ఒంపుతుంటే, నేను వరండాలో కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని కూర్చున్నాను.